పందొమ్మిదేళ్ళవాడి కోసం

పుణె
24 మార్చి 2014

పిన్నీ,

ముందుగా నీ మోకాళ్ళ నొప్పి, బాబాయి బీపీ అడగాలని తెలుసు. ఇవాళ మాత్రం ఆగలేను. పోయిన సోమవారం నుంచి మా ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరికీ తిండి ధ్యాస లేదు. దక్షిణ ధ్రువం మీద, మంచులో ఉన్న ఒక టెలిస్కోపుకి విశ్వం పుట్టిన తొలి క్షణం గుర్తు దొరికిందని ప్రకటించారు.

నేను ఏం చదువుతున్నానని అడిగినప్పుడల్లా తప్పించుకునేదాన్ని. ఇప్పుడు చెబుతాను. మొట్టమొదట, మనం ఊహించలేనంత చిన్న వ్యవధిలో, ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేని చోటు ఒక్కసారిగా ఉబ్బిపోయింది. దాన్ని ఇన్‌ఫ్లేషన్ అంటాం. ఎందుకు ఉబ్బింది, ఎలా ఆగింది అన్నదానికి తలా ఒక లెక్క వేశారు. ఒక్కో లెక్కా ఒక్కో మోడల్. కొండవాలు మీద గుండు నెమ్మదిగా జారుతోందనుకో. ఆ వాలు ఏ ఆకారంలో ఉందన్నదే మా తగాదా అంతా. నేను పట్టుకున్నది అన్నిటిలోకీ సాదా వాలు. అది పాతబడిపోయింది, వదిలెయ్యమని అందరూ అన్నారు. ఇప్పుడు దొరికిన గుర్తు నా వాలు చెప్పినదానికి బాగా దగ్గరగా ఉంది. నాకు ఏడుపొచ్చింది పిన్నీ.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఒకటుంది. ఆ ఉబ్బుడులో పుట్టిన చిన్న అలలు సాగి సాగి, చూపు అందే మేర దాటి బయటికి పోతాయి. ఆ మేర అవతల ఉన్నంతకాలం అలకి ఏమీ జరగదు. పెరగదు, తరగదు, గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. ఎన్నో యుగాల తర్వాత ఆ మేర పెరిగి దాన్ని అందుకుంటుంది. అప్పుడు అది వెళ్ళింది వెళ్ళినట్టే లోపలికి వస్తుంది. నక్షత్రాలూ, పాలపుంతలూ అన్నీ అలా తిరిగొచ్చిన అలల మీద కట్టుకున్నవే.

ఇంటర్ చదువుతూ మీ ఇంట్లో ఉన్న రోజుల్లో మేడ మీద నాకు ఆకాశం చూపించింది మహేంద్ర అన్నయ్యే. ఈ కబురు వాడికి చెప్పాలనిపించింది. ఫోన్ చేసి నీకైనా చెబుదామంటే, ఆ లైను ఖాళీగా ఉండాలంటావు. అందుకే ఉత్తరం.

నీ నళిని

*

మోవా, రాయపూర్
9 ఏప్రిల్ 2014

నళినీ తల్లీ,

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. ఇన్‌ఫ్లేషన్ అంటే ఉల్లిపాయల ధర పెరగడం కదా, దానికి పుణె దాకా పోవాలా, పండ్రీ బజారుకి వెళితే చాలదా అన్నారు. ఆయన మాటలకేం గానీ, అందరూ వద్దన్న వాలే పట్టుకుని వేలాడావు చూడు, ఆ మొండితనం అచ్చం మా అక్కది. గెలిచినందుకు ఇంట్లో పరవాన్నం చేశాను. షుగరు ఉందని తెలిసి కూడా బాబాయి రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఫోను సంగతి నువ్వు కూడా ఎత్తిపొడిస్తే ఎలా? మహేంద్రకి తెలిసిన నంబరు అదొక్కటే. వాడు చేసినప్పుడు లైను బిజీ అని వస్తే మళ్ళీ చేస్తాడో చేయడో. అందుకే బంధువులందరికీ ఉత్తరాలు అలవాటు చేశాను. ఈ కాలంలో ఇదేం చోద్యమని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

నీ ఉత్తరంలో ఒక పేరా దగ్గర ఆగిపోయాను. అలల పేరా. అది ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

నీకు తెలియని కథ కాదు, అయినా చెప్పుకోనీ. విజయనగరం నుంచి లారీలో బియ్యం వచ్చాయి, దింపించుకు రమ్మని పందొమ్మిదేళ్ళవాణ్ణి టాటీబంధ్ లారీల అడ్డాకి పంపింది బాబాయే. బస్తా అక్కడే ఉంది. స్కూటరూ అక్కడే ఉంది. వాడే లేడు. ముందు రోజు పరీక్ష తప్పాడని నలుగురిలో తిట్టారు. అది తప్ప ఇంకో కారణం ఇన్నేళ్ళలో పోలీసులకీ దొరకలేదు, మాకూ దొరకలేదు.

ప్రతి దీపావళికీ వాడికి ఒక చొక్కా కొంటాను. భుజాలు వెడల్పయి ఉంటాయి, కాస్త పొట్ట వచ్చి ఉంటుంది అని ఊహించుకుంటూ ఏటేటా సైజు పెంచుతూ వచ్చాను. ముఖం మాత్రం ఊహకి అందేది కాదు. పెద్ద చొక్కా ఉండేది, లోపల మనిషి ఉండేవాడు కాడు. నీ ఉత్తరం చదివాక బీరువా తెరిచి చూస్తే, ఆ చొక్కాలన్నీ ఎవడో పరాయివాడివిలా ఉన్నాయి. మూట కట్టి పక్కింటి సాహూ వాళ్ళకి ఇచ్చేశాను. అవతల ఉన్నవాడికి వయసు రాదు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే వస్తాడు. ఇంత చిన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ప్రాణం ఎంత తేలికపడిందో రాయలేను.

బాబాయి ఫ్యాక్టరీలో ప్రేమ్‌చంద్ గారని ఉన్నారు. మహేంద్ర ఫోటోకి కంప్యూటర్లో వయసు పెంచి ఇస్తాను, పేపర్లో వేయించండి అన్నారట. వద్దని చెప్పించాను. పాత ఫోటోయే వేయించమన్నాను.

నీ పిన్ని ఊర్మిళ

*

కొచ్చి
20 మే 2014

పిన్నీ,

ఇక్కడ ఒక సెమినార్‌కి వచ్చాను. మధ్యాహ్నం నా ఉపన్యాసం. కాఫీ తాగే పది నిమిషాల్లో రాస్తున్నాను, కోడికెలుకుడు అక్షరాలని తిట్టకు.

అలల సంగతి నువ్వు మా జూనియర్ల కన్నా బాగా పట్టుకున్నావు. అవతల ఉన్నంతకాలం మారదు, వెళ్ళినట్టే వస్తుంది. సరిగ్గా అంతే. ఇదే వాక్యం ఇవాళ నా స్లైడు మీద కూడా పెట్టాను. మా పిన్ని చెప్పిందని సభలో చెబుతాను.

కొందరు అప్పుడే అడ్డుపుల్లలు వేస్తున్నారు. ఆ గుర్తు మన పాలపుంతలోని ధూళి వల్ల వచ్చింది కావచ్చంటున్నారు. నేను నమ్మను. బాబాయికి చక్కెర తగ్గించమని చెప్పు.

నళిని

*

మోవా
28 అక్టోబర్ 2014

నళినీ,

దీపావళి అయింది. ఈసారి చొక్కా కొనడానికి దుకాణంలో తడుముకోలేదు. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి, సన్నగా ఉంటాడు అన్నాను. దుకాణం అతను టక్కున తీసి ఇచ్చాడు.

ఇంట్లో మాత్రం పండగ లేదు. వచ్చే మాఘమాసానికి పన్నెండేళ్ళు నిండుతాయి. జాడ తెలియనివాడికి పన్నెండేళ్ళు చూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలట. పంతులుగారు చెప్పారు, మీ బాబాయి తలూపి వచ్చారు. నేను కుదరదన్నాను. అప్పటినుంచి ఒకే ఇంట్లో ఇద్దరం ఎడమొహం పెడమొహం. మొన్న కంచం ముందు కూర్చుని కలుపుకున్న ముద్ద అలాగే వదిలేసి అన్నారు: "ఆణ్ణి పంపింది నేను. ఆడికి నీళ్ళొదలకుండా నేను పోతే నన్ను ఎవులు ఛమిస్తారే?" ఆయన ఏడవడం నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో చూడలేదు. జాలి వేసింది. అయినా ఒప్పుకోలేదు. బతికున్న బిడ్డకి కొరివి పెడతానంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

ఇంకో సంగతి చెబుతాను, బాబాయికి రాయకు. పండ్రీలో వాణ్ణి చూశాను. వెనకనుంచి. అదే మెడ, అదే నడక. బస్సెక్కాడు, నేనూ ఎక్కాను. బస్సు నయా రాయపూర్ పోయింది. నువ్వు చూడలేదు కదా, అక్కడ రోడ్లు మన మోవాలో నాలుగు వీధులంత వెడల్పు. మనుషులు ఉండరు. వాడు దిగి ముందు నడుస్తున్నాడు, నేను వెనకాల. ఎండలో ఆ రోడ్డు మీద ఇద్దరమే. పిలిచాను. తిరిగాడు. ముఖం వేరే. "క్యా హువా ఆంటీ, తబియత్ ఠీక్ హై?" అని, నాకు ఒంట్లో బాగాలేదేమోనని చెయ్యి పట్టుకుని బస్టాపు నీడలో కూర్చోబెట్టాడు. ఎంత మంచి పిల్లాడో. వాడికీ పందొమ్మిదే ఉంటాయి.

అప్పటినుంచి ఆ వయసు పిల్లలందరూ నాకు వెనకనుంచి వాడే. కాలేజీ వదిలే వేళకి రోడ్డు మీదికి వెళ్ళాలంటే భయంగా ఉంటోంది, వెళ్ళకుండానూ ఉండలేను. నీకు దొరికిన ఆ గుర్తు ఖాయమయిందా? ఖాయమయితే ఒక్క ముక్క రాయి. బాబాయికి చూపిస్తాను.

ఊర్మిళ పిన్ని

*

పుణె
3 ఫిబ్రవరి 2015

పిన్నీ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు. రాయడానికి మంచి కబురు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ధూళే పిన్నీ. శుక్రవారం ఆ టెలిస్కోపు బృందమూ, ధూళిని కొలిచిన ఉపగ్రహం బృందమూ కలిసి లెక్క తేల్చాయి. మేము తొలి క్షణం గుర్తు అనుకున్నదాన్ని తెచ్చిపెట్టడానికి దారిలో ఉన్న ధూళి చాలు. నక్షత్రాల మధ్య తేలే మసి లాంటిది. అది తీసేస్తే, దొరికిందని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. నా మోడల్ దాదాపు పోయినట్టే. ఏడాదిగా నేను సభల్లో చెప్పినదంతా ఇప్పుడు తలచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మేము చేసిన తప్పు ఏమిటో తెలుసా? ఏది కనబడాలని ఆశపడ్డామో అదే కనబడిందనుకున్నాం. మా గైడు నిన్న గదికి పిలిచి, వదులుకోవడం కూడా మన పనిలో భాగమే నళినీ, సమయం వచ్చినప్పుడు వదలకపోతే జీవితమంతా దాని వెనకే పోతుంది అన్నారు. రాత్రంతా ఆలోచించి, నిజమే అనుకున్నాను. ఆశ పెట్టుకున్నంత మాత్రాన లేనిది ఉన్నదవదు. థీసిస్ చివరి అధ్యాయం తిరగరాస్తున్నాను.

నువ్వు అలా ఒంటరిగా బస్సుల్లో తిరగకు. నాకు భయంగా ఉంది.

నళిని

*

మోవా
7 ఫిబ్రవరి 2015

నళినీ,

ఉత్తరం అందింది. నిజం రాసినందుకు సంతోషం. అన్నీ తెలిసిన పిల్లవి కాబట్టి రాయగలిగావు, ఇంకొకరైతే నా మనసు నొచ్చుకుంటుందని దాచేవారు.

ఏది కనబడాలని ఆశపడ్డానో అదే కనబడింది. నయా రాయపూర్ రోడ్డు మీద నాకు జరిగింది అదే కదా. నీ మాట రెండుసార్లు చదివాను. తర్వాత వెళ్ళి బాబాయికి సరేనని చెప్పాను. ఆయన నా చేతులు రెండూ పట్టుకున్నారు.

వచ్చే శనివారం మహాదేవ్ ఘాట్‌లో. నువ్వు రానక్కరలేదు. నీ చదువు పని చూసుకో.

పిన్ని

*

పుణె
11 ఫిబ్రవరి 2015

పిన్నీ,

ఇవాళే నీ ఉత్తరం వచ్చింది. నేను రాసింది నా మోడల్ గురించి. వదులుకోవాలన్నది నా కొండవాలుని. మహేంద్ర అన్నయ్యని కాదు. ఆ సంగతి నేను ఎప్పుడన్నాను?

బాబాయి సెల్‌కి చేశాను. "ఇన్నాళ్ళకి ఒప్పుకుంది. నీ కాళ్ళట్టుకుంటాను, ఇప్పుడు దాన్ని కదపకు" అన్నారు. ల్యాండ్‌లైన్‌కి చేద్దామని నంబరు సగం నొక్కి ఆపేశాను. అది మోగితే నువ్వు ఎవరనుకుని పరిగెత్తుకొస్తావో నాకు తెలుసు. నీ గొంతులో ఆ ఒక్క క్షణం నేను వినలేను. సోమవారానికి థీసిస్ ఇచ్చెయ్యాలి, శనివారానికి వచ్చే దారి లేదు. ఈ ఉత్తరం శుక్రవారానికి చేరాలని స్పీడ్‌పోస్ట్ చేస్తున్నాను.

ఇంకో తప్పు కూడా సరిదిద్దాలి. పోయిన ఏడాది నువ్వు పెద్ద చొక్కాలు ఇచ్చేశానని రాశావు. గొప్పలు చెప్పుకునే తొందరలో నేను ఆ వాక్యాన్ని సరిగా చదవనే లేదు. సరిగ్గా అంతే అని కూడా రాశాను. పిన్నీ, మారకుండా ఉండేది అలలు. మనుషులు కాదు. అన్నయ్య ఎక్కడైనా ఉంటే వాడికి ఇప్పుడు ముప్పై ఒకటి. బాబాయిలాగే నుదుటి మీద జుట్టు పలచబడి ఉంటుంది. ఎండలో పని చేస్తూ ఉంటే నల్లబడి, గడ్డం పెరిగి, మనకన్నా పెద్దవాడిలా కూడా కనిపించవచ్చు. వెతకాలంటే అతన్ని వెతకాలి. కాలేజీ పిల్లల్ని కాదు.

దహనం జరగనీయవద్దని నేను చెప్పడం లేదు. అది మీ ఇద్దరి మాట. నా ధూళి మాట విని మాత్రం చేయకు.

నళిని

*

మోవా
16 ఫిబ్రవరి 2015

నళినీ,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. శుక్రవారం రాలేదు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు, ముందే చెబుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇంకెవరికీ చెప్పుకోలేను.

శనివారం పొద్దున్నే పంతులుగారూ, బాబాయీ, మన తెలుగువాళ్ళు నలుగురూ దర్భలు తీసుకుని ఘాట్‌కి వెళ్ళారు. బొమ్మకి వాడి బట్ట ఏదైనా చుట్టాలంటే దీపావళి చొక్కా తీసి ఇచ్చాను. ఆడవాళ్ళు రాకూడదు కదా, నేను ఇంట్లో ఉండిపోయాను. పొయ్యి వెలిగించలేదు. అరుగు మీద కూర్చున్నాను.

ఎవరో గేటు తీసుకుని లోపలికి వచ్చారు. మనిషి బాగా నల్లగా, గడ్డంతో, నుదురు బోడిగా ఉన్నాడు. భుజాన బట్ట సంచి. టాటీబంధ్ వైపు లారీల మీద పని చేసేవాళ్ళు ఎలా ఉంటారో అలా ఉన్నాడు. నన్ను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత హిందీలో, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా మాతాజీ అన్నాడు.

నేను ఇవ్వలేదు. మా ఇంట్లో చావు జరిగింది నాయనా, ఇవాళ ఇక్కడ పైవాళ్ళు నీళ్ళు కూడా తాగకూడదు, పక్కింట్లో అడుగు అన్నాను. హిందీలోనే అన్నాను. అతను కదల్లేదు. ఎవరు పోయారు అని అడిగాడు.

"మేరా బేటా" అన్నాను.

అతను సంచి కింద పెట్టాడు. మేడ మీదినుంచి కిందిదాకా ఇంటిని చూశాడు. అబ్బాయికి ఎంత వయసు అన్నాడు. పందొమ్మిది అన్నాను. నా నోటికి అదే వచ్చింది తల్లీ, ఇంకో అంకె రాలేదు.

"బహుత్ ఛోటా థా" అన్నాడు. చాలా చిన్నవాడని. సంచి ఎత్తుకున్నాడు. నాకు చేతులు జోడించి దండం పెట్టాడు. వెళ్ళిపోయాడు.

మన గేటు సంగతి నీకు తెలుసు. కింద బందు ఎప్పుడో నువ్వు ఇక్కడున్న రోజుల్లోనే విరిగింది. కొత్తవాళ్ళు వేస్తే నేలకి రాసుకుని వీధి చివరిదాకా వినబడుతుంది. బూటు కొనతో కాస్త ఎత్తి పట్టి వేస్తేనే చప్పుడు రాదు. అది ఇంట్లోవాళ్ళకి తప్ప తెలియదు. ఆవేళ అతను వెళ్ళాక చప్పుడేమీ రాలేదు. కాసేపటికి లేచి చూస్తే గడియ పడి ఉంది. నెమ్మదస్తుడు, జాగ్రత్తగా వేశాడు పాపం అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

ఇవాళ నీ ఉత్తరంలో నుదుటి మీద జుట్టు అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ గేటు గుర్తొచ్చింది. సాహూ వాళ్ళింటికి పరిగెత్తాను. శనివారం నీళ్ళకి మీ ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఎవరూ రాలేదన్నారు.

వాడేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను. కన్నదాన్నయి ఉండి ముఖం చూసి చెప్పలేకపోయాను. ఎంత గుర్తు చేసుకున్నా ఆ ముఖం నిలవడం లేదు. మహేంద్రని తలచుకుంటే పందొమ్మిదేళ్ళవాడే అడ్డు వచ్చి నిలబడుతున్నాడు, వాడి వెనక ఉన్న మనిషిని చూడనివ్వడం లేదు. వాణ్ణి పక్కకి తప్పుకోమని బతిమాలుతున్నాను. నా బిడ్డనే.

బాబాయికి చెప్పలేదు. ఆవేళ తడిబట్టలతో వచ్చి, "అయిపోనాది ఊర్మిళా, ఇంక తనివితీరా ఏడిసీ" అన్నారు. కాళ్ళ మీద నీళ్ళు పోశాను. ఆయన ఆ పూట ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయారు. రేపు పిండం పెడతారు. వద్దని చెప్పాలి. చెబితే ఆయన బతకరేమో, చెప్పకపోతే బతికున్నవాడికి పిండం పెట్టిన తల్లిని అవుతాను. పొద్దున్న ఆయన లేచేలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

మహేంద్ర ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడు బాబాయి వాణ్ణి ఎత్తుకుని తీయించుకున్న ఫోటో ఒకటి ఉంది. అప్పుడు ఆయనకి ముప్పై దాటాయి, ఇప్పుడు మహేంద్రకి ఉండే వయసే. ఆ ఫోటో ఒళ్ళో పెట్టుకుని గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఉత్తరం ఇక్కడే రాస్తున్నాను. వచ్చేపోయే మగవాళ్ళ ముఖాలు చూస్తున్నాను, బాబాయి ముఖం చూస్తున్నాను. ఇప్పటికి ఇద్దరు ముగ్గురిని ఆపాను. ఏం కావాలి మాతాజీ అంటున్నారు.

కుర్చీ పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకున్నాను. మైల ఇంకా ఉంది. అయినా ఇస్తాను.

ఊర్మిళ పిన్ని